బెంగ తీరేదాకా

నా సవతి పేరు చిట్టెమ్మ. బరువు నాలుగు టన్నులు. కాకినాడ చేపల రేవు పక్కనున్న వరుణ ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కాపురం చేసింది. అమ్మోనియాని నొక్కి, తొట్టెల్లోని ఉప్పునీళ్లను చల్లబరిచే కంప్రెసరు అది. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, మా ఆయన ముక్తేశ్వరరావు ఎనిమిదేళ్ల పాటు దాని చప్పుడు వింటూ బతికారు.

పెళ్లిచూపుల్లోనే ఆ సంగతి చెప్పేశారు. మా అమ్మ జంతికల పళ్లెం పెట్టి లోపలికి వెళ్లగానే, గొంతు సవరించుకుని, "నాకు పాటలూ అవీ రావండి. చిట్టెమ్మ చప్పుళ్లో తేడా వస్తే మాత్రం రేవు అవతల్నుంచి కూడా చెప్పేస్తాను" అన్నారు. పెళ్లిచూపుల్లో ఎవరైనా చెప్పుకునే గొప్పేనా అది? నాకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఒప్పేసుకున్నాను.

మాఘంలో నిశ్చితార్థం, వైశాఖంలో ముహూర్తం. ఈ మధ్యలో ఫ్యాక్టరీ మూతపడింది. పడవలోనే చేపల్ని చల్లగా ఉంచే కొత్తరకం పెట్టెలు వచ్చాయి. ఎండ పడితే చాలు, అవే నడుస్తాయి. ఇక ఐసు ఎవరికి కావాలి? మా నాన్న రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడో రోజు పేపరు మడిచి పక్కన పెట్టి, "కుర్రాడు బుద్ధిమంతుడు. మళ్లీ పని దొరికేదాకా భృతి వస్తుందిగా" అన్నారు.

భృతి సంగతి మా ఇంట్లో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. నేను స్టాటిస్టిక్స్ చదువుకుని, కాకినాడ నిరుద్యోగ భృతి కేంద్రంలో లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను.

పాత చట్టం ప్రకారం పని పోయినవాళ్లు ఎవరైనా ఇరవై ఆరు వారాలు భృతి తీసుకోవచ్చు. ఆ ఏడాదే దాన్ని మార్చారు. ముందు మా జిల్లాలో నడిపి చూసి, బాగుంటే రాష్ట్రమంతా పెడతామన్నారు. కొత్త చట్టంలో వారాల లెక్క లేదు. పోయిన పని మీద బెంగ తీరేదాకా భృతి. కొందరికి రెండు నెలలు కావచ్చు, కొందరికి రెండేళ్లు.

ఆ బెంగని కొలిచే పట్టీ కనిపెట్టింది మా కేంద్రంలోని డాక్టర్ భ్రమరాంబగారే. పని పోయినవాళ్ల చెమటలో ఒక పదార్థం పెరుగుతుందనీ, మనసు కుదుటపడేకొద్దీ తగ్గుతుందనీ ఆవిడ ఎన్నో ఏళ్లు శ్రమపడి తేల్చారు. ముంజేతికి వేసే సన్నటి పట్టీ అది. రోజూ సాయంత్రం నాలుగింటికి దానంతట అదే కొలిచి, ఆ అంకెని మాకు పంపిస్తుంది. వరసగా నాలుగు వారాలు ఇరవైకి దిగువన ఉంటే బెంగ తీరినట్టు. పట్టీ మీద అంకె కనిపించదు. కనిపిస్తే ఇంట్లోవాళ్లు దాన్ని పెంచే పనిలో పడతారని డాక్టరుగారి భయం. కనిపించకపోయినా పడ్డారనుకోండి. మా వీధిలో ఒకావిడ మొగుడి పాత యూనిఫారాన్ని గోడకి మేకు కొట్టి వేలాడదీసింది, మర్చిపోకుండా.

సర్కారు దానికి పెట్టిన పేరు పొడుగ్గా ఉంటుంది. జనం కంకణం అన్నారు. మా పెళ్లి ఫొటోల్లో మా ఆయన చేతికి రెండు కంకణాలుంటాయి, పురోహితుడు కట్టింది ఒకటి, ప్రభుత్వం కట్టింది ఒకటి. పదహారు రోజుల పండక్కి మొదటిది విప్పేశారు.

నేను పట్టించుకోవలసింది రెండోదాన్నని అప్పుడు తెలియలేదు.

* * *

కొత్తగా పెళ్లైన వాళ్లకి ఏది చూసినా అబ్బురమే. జగన్నాథపురంలో మేడమీద రెండు గదులు మావి, కింద మా అత్తగారు. ఆయన మంచినీళ్ల గ్లాసుని కూడా ఒకసారి చెంచాతో తట్టి, చెవి వంచి విని, అప్పుడు తాగేవారు. ఐసు ఫ్యాక్టరీ అలవాటట. తొట్టిలో దించిన రేకు డబ్బాలని స్పానరుతో తడుతూ పోతే, లోపల నడిమధ్య నీళ్లు కూడా గడ్డకట్టాయో లేదో చప్పుడే చెబుతుందట. ఒకరోజు నా మోచెయ్యి పట్టుకుని వేలితో టక్కుమని తట్టి, విని, "ఇంకా గట్టిపడలేదు" అన్నారు. ఆ ఒక్క మాట గుర్తొచ్చి మర్నాడు ఆఫీసులో రెండుసార్లు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మా నవ్వులకి మొదట తూట్లు పొడిచింది కాసులమ్మ పిన్ని.

ఆవిడ మొగుడు వరహాలు బాబాయి, మా ఆయనతో పాటే వరుణలో ఐసు దిమ్మలు చితక్కొట్టే మిషను దగ్గర పాతికేళ్లు పనిచేశాడు. ఫ్యాక్టరీ మూసిన ఆరు వారాలకే అతని భృతి ఆగిపోయింది. ఆ రోజు కౌంటరులో కూర్చుని ఆ కాగితం అతనికి చదివి వినిపించింది నేనే, మా పెళ్లికి ముందు.

"బెంగ లేదంటన్నారేటమ్మా?" అన్నాడు.

"తీరిపోయింది బాబాయ్. వేరే పనికి మనసు సిద్ధమైందని అర్థం" అన్నాను. మాకు నేర్పిన మాట అది.

"ఉంటే కదా తీరడానికి. ఆ పని పోయిందని నిజంగానే సంబరపడ్డాను. ఇన్నాళ్లకి ఈ చేతి ఏళ్లకి కాస్త ఎచ్చదనం తగిలింది." కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. మూడు వేళ్లు మొద్దుబారి, కొసలు నల్లబడి ఉన్నాయి. "సంబరపడ్డం తప్పా? ఈ చేత్తో కొత్త పని ఎవరిస్తారమ్మా?"

సంతకం పెట్టడానికి కలం పట్టుకోలేకపోయాడు. వేలిముద్ర తీసుకుని, నేను తర్వాతి నంబరు పిలిచాను.

పెళ్లైన నెలకి, కూరగాయల బండి దగ్గర కాసులమ్మ పిన్ని కలిసింది. వంకాయలు ఏరుతూ నా వైపు చూడకుండానే అంది.

"మీ ఆయనది ఇంకా ఆగలేదంట కదా."

"లేదు పిన్నీ."

"అదృష్టవంతురాలివి. మా ఆయనది ఆరు వారాలకే ఇంకిపోయింది. మీ ఆయనది చూడు, బంగారంలాటి కొత్త పెళ్లాం పక్కనున్నా ఆ ఫ్యాక్టరీ మీద బెంగ చావట్లేదు. ఎంత ప్రేమో పాపం, దాని మీద."

వంకాయలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. నేను తోటకూర కట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిడకి నా మీద కుళ్లు అని తెలుసు. అయినా, అన్నమాట నిజమే కదా.

* * *

మా కేంద్రంలో ఒక నియమం ఉంది. సొంతవాళ్ల ఫైలు తెరవకూడదు. తెరిస్తే ఉద్యోగం పోతుంది. మర్నాడు అందరూ భోజనాలకి వెళ్లాక నేను తెరిచాను.

నలభయ్యారు. నలభై నాలుగు. నలభయ్యేడు.

పెళ్లికి ముందు యాభై దాకా ఉండేది. పెళ్లయ్యాక కొంచెం తగ్గి, అక్కడే బైఠాయించింది. మిగతా నాలుగువందల మంది గీతలూ చక్కగా కిందికి జారుతుంటే, మా ఆయన గీత మాత్రం గోడ మీద బల్లిలా కదలకుండా కూర్చుంది.

పక్కింటి అమ్మాయి మీద అనుమానం వస్తే ఆ అమ్మాయిని నిలదీయొచ్చు. కంప్రెసరుని ఏం చెయ్యను? మధ్యాహ్నాలు ఆయన రేవు వైపు నడిచి వెళ్లొస్తారని మా అత్తగారు మాటల్లో ఎప్పుడో అన్నారు. అంటే తాళం వేసిన గేటు దగ్గర నిలబడి వస్తున్నారన్నమాట. అప్పట్నుంచి ఆయన గ్లాసు తట్టినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

"ఆ తట్టడం మానరా?"

"ఏమైంది సునందా?"

"ఏం కాలేదు. నీళ్లు తాగండి."

ఆ అంకెని ఎలాగైనా కిందికి లాగాలని పంతం పట్టాను. తగ్గితే భృతి పోతుందని తెలుసు. పోనీ అనుకున్నాను. ఆయన మనసులో నాలుగు టన్నుల ఇనుము కూర్చుని ఉంటే, దాని మీద వచ్చే భృతితో నేను కాపురం చెయ్యాలా? ఆదివారాలు ఆయన్ని ఇల్లు కదలనివ్వలేదు. పనసపొట్టు కూర చేశాను. పేకాట నేర్పించుకుని నేనే ఓడిపోయాను. చెరో సగం కొరుక్కుని కాజా తిన్నాం, పాకం మోచేతుల దాకా కారింది. ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. సోమవారం నేను ఉరకలేస్తూ ఆఫీసుకి వెళ్లి, నాలుగూ అయిదుకి ఫైలు తెరిచాను.

యాభై ఒకటి. వారంలో అన్నిటికంటే ఎక్కువ.

పై సోమవారమూ అంతే. అంటే ఆదివారమంతా నాతో గడిపి, దాని దగ్గరికి వెళ్లలేకపోయినందుకు సోమవారం మరీ ఎక్కువ బెంగపెట్టుకుంటున్నారన్నమాట. ఆదివారం అంకె చూద్దామంటే మా తెరమీద ఆదివారాలు ఉండవు. మాకు సెలవు కాబట్టి ఆ రోజు కొలతల్ని లెక్కలోకి తీసుకోకుండా పక్కన పడేసేలా ఎవరో ఎప్పుడో ఏర్పాటు చేశారు. సెలవురోజు బెంగ ఉండదని కాబోలు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. మా అమ్మ పెద్దాపురం నుంచి వచ్చి, మా అత్తగారితో కాఫీ తాగి, నన్ను బయల్దేరదీసింది. కొత్త కోడలూ అత్తగారూ ఆ నెల ఒకే గడప దాటకూడదట. "ఈ రోజుల్లో కూడా ఏంటమ్మా" అంటే, "ఒక్క నెలే కదే, ముచ్చట" అంది. రోజూ పెద్దాపురం నుంచి బస్సులో ఆఫీసుకి వచ్చేదాన్ని. ఆయన్ని మాత్రం కలవకూడదు. ఆఫీసు గేటు దగ్గరికి ఆయన ఉత్త పలకరింపుకి వచ్చినా మా అమ్మకి ఎలాగో తెలిసిపోయేది.

నేను లేని ఆ నెలలో ఆయన అంకె ఎంతైందో తెలుసా? మొదటి వారం యాభై ఎనిమిది. రెండో వారం అరవై అయిదు. మూడో వారం డెబ్బై ఒకటి.

నేను ఇల్లు కదలగానే ఆయన నేరుగా దాని దగ్గరికే వెళ్లి కూర్చున్నారన్నమాట. ఆ సాయంత్రం ఫోను చేశారు.

"భోంచేశావా?"

"చేశాను."

"కొత్త బీరకాయలొచ్చాయి. అమ్మ పచ్చడి చేసింది. నీకిష్టమని..."

"చిట్టెమ్మకి పంపకపోయారా?"

"ఏ చిట్టెమ్మకి?" అన్నారు, నిజంగా అర్థం కానట్టు. నేను ఫోను పెట్టేశాను. మూడు రోజులు ఎత్తలేదు. ఆ మూడు రోజులూ అంకె ఎనభై దాటింది. నేను పళ్లు నూరుకుంటూ దాన్ని చూసి, మా అమ్మ చేసిన గారెలు ఏడు తిన్నాను.

* * *

శ్రావణంలో తీర్పుసంఘం వస్తుందని కబురొచ్చింది. ముగ్గురు సభ్యులు. వాళ్లు బాగుందంటే కొత్త చట్టం రాష్ట్రమంతా అమలవుతుంది. డాక్టరుగారు నన్ను పిలిచి, అందరి గీతలూ కలిపి ఒక పటం వెయ్యమన్నారు.

వేశాక ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు. చక్కగా దిగుతున్న గీత కొసన, సరిగ్గా ఈ నెల రోజులూ, చిన్న మూపురం లేచి ఉంది.

"నలభయ్యొక్క మంది వల్ల వచ్చిందమ్మా ఇది. మిగతావాళ్లలో లేదు" అన్నారు. "వానలు మొదలైన నెల. ఆకాశం మూసుకుంటే పోయిన పని గుర్తొస్తుందేమో. మా నాన్నగారు కూడా అంతే. జూటుమిల్లు మూసేశాక రోజూ పన్నెండింటికి, సైరను కూసే వేళకి, గుమ్మంలో కూర్చుని మిల్లు వైపు చూసేవారు. ముసురు పడితే మరీను. నేను ఈ పనిలోకి వచ్చిందే ఆ చూపు చూడలేక. అలాంటివాళ్లకి వారాలు లెక్కపెట్టి చెయ్యి దులుపుకోకూడదనే కదా ఇదంతా."

ఆవిడ కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ నలభయ్యొక్కరిలో మా ఆయన ఒకరని నాకు తెలుసు. చెప్పలేను. చెబితే ఫైలు తెరిచినట్టు తెలిసిపోతుంది.

మా ఆఫీసు ఆయా మంగతాయారు బల్లమీద టీ గ్లాసులు పెడుతూ తెర వైపు చూసింది.

"ఇది ఎప్పుడు లేచిందండీ, ఈ బొడిపె?"

"జూన్ ఆఖరునుంచి ఈ జూలై ఆఖరు దాకా" అన్నాను.

"ఆషాఢం" అంది ఆవిడ, తేదీ చెప్పినంత మామూలుగా. "వీళ్లల్లో కొత్తగా పెళ్లైనోళ్లు ఎంతమందండీ?"

డాక్టరుగారు అప్పటికే ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ వరండాలోకి వెళ్లిపోయారు. ఆ మాట నేనొక్కదాన్నే విన్నాను. టీ చల్లారిపోయింది.

భృతి దరఖాస్తులో భార్య పేరో భర్త పేరో చేర్చిన తేదీ ఉంటుంది. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని నలభయ్యొక్కటీ చూశాను. ముప్పై ఆరుగురికి పెళ్లై ఏడాది కాలేదు. వాళ్లలో ఏడుగురు ఆడవాళ్లు. మిగతా అయిదుగురి సంగతి నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే హక్కు నాకు లేదనిపించింది.

తర్వాత పక్కన పడేసిన ఆదివారాలు తవ్వి తీశాను. మా ఆయనవి, పెళ్లైన తర్వాతి ఆదివారాలు, నేను పక్కనున్నవి: పన్నెండు. పన్నెండు. పదకొండు. పన్నెండు. ఆషాఢంలో ఆదివారాలు మాత్రం అరవైలు, డెబ్బైలు.

సాయంత్రం నాలుగింటికి నేను ఆఫీసులో ఉంటాను. ఇంటికి వచ్చేది ఆరింటికి.

నెలన్నర నుంచి నేను కుళ్లుకుని చచ్చింది నా మీద నేనేనని తెలిసి, కుర్చీలో కూర్చుని ఏడ్చాను, నవ్వాను. మంగతాయారు వచ్చి, రెండిట్లో ఏది నిజమో తెలియక, మరో టీ ఇచ్చి వెళ్లింది.

* * *

శ్రావణం మొదటిరోజు ఇంటికి చేరాను. ఆయన మెట్ల మీదే ఉన్నారు. సంచీ అందుకుని, "కోపం తగ్గిందా?" అన్నారు. నేను చేసిందంతా చెప్పాను. ఫైలు తెరవడం, సోమవారాలు, గారెలు, అన్నీ. వినేకొద్దీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే మధ్యాహ్నాలు రేవుకెందుకు వెళ్తున్నారు?"

"అక్కడి చెట్లకింద నుంచి చూస్తే మీ ఆఫీసు మేడ కనిపిస్తుంది" అన్నారు నేల చూస్తూ.

నేను ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను. అప్పుడు అసలు సంగతి అన్నాను. "ఈ సంగతి సంఘం ముందు చెప్పాలంటే నా పేరూ మీ పేరూ చెప్పాలి. నా ఉద్యోగం పోతుంది. మీ భృతి ఆగిపోతుంది."

"చెప్పకపోతే?"

"నేను రోజూ ఆఫీసుకి వెళ్తూ ఉంటే చాలు. మీకు జీవితాంతం వస్తుంది."

ఇద్దరం నవ్వేశాం. తర్వాత ఆయన చాలాసేపు పట్టీని వేలితో తిప్పుతూ కూర్చున్నారు.

"అందరి ముందూ చదువుతావా, నాకు ఏ రోజు ఎంత... ఇదిగా ఉందో?"

"చదవాలి."

"సిగ్గుపోతుంది సునందా." పట్టీని వదిలేసి, "వరహాలు బాబాయి చెయ్యి చూశావా నువ్వు?" అన్నారు.

"చూశాను. వేలిముద్ర కూడా వేయించుకున్నాను."

"నేను ఆ పనిని ప్రేమించానని నాకు ఇచ్చారు. ఆయన్ని ఆ పని కొరుక్కు తినేసింది, అందుకని ఆయనకి ఆపేశారు. అసలు ఇప్పుడు నాకొచ్చేది పనిమీద కూడా కాదంటున్నావు. చదివెయ్."

* * *

సంఘానికి పెద్ద, పాక నాగమణిగారని, జుట్టంతా నెరిసిన ఆవిడ. డాక్టరుగారు మూపురం దగ్గరికి వచ్చి వానాకాలం గురించి చెబుతుండగా, పటాలు మారుస్తున్న నేను లేచి నిలబడ్డాను. వెనకాల బల్లల మీద భృతి ఆగిపోయినవాళ్లు కొందరు కూర్చున్నారు. కాసులమ్మ పిన్ని కూడా ఉంది.

"అది వానవల్ల కాదండి. ఆషాఢం వల్ల" అన్నాను.

ఆదివారాలు చూపించాను. ముప్పై ఆరు పెళ్లిళ్ల తేదీలు చూపించాను. పేర్లు చెప్పలేదు, ఒక్కటి తప్ప.

నాగమణిగారు కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "అంటే అమ్మాయ్, మీ ఆయన నిన్ను తలుచుకున్నందుకు ఇన్నాళ్లూ ప్రభుత్వం భృతి ఇచ్చిందంటావా?"

"అవునండి."

హాలంతా నవ్వింది. మా ఆయన వెనక వరసలో తల వంచుకుని మోకాళ్లు చూసుకుంటున్నారు. నవ్వు ఆగాక, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పట్టీ అబద్ధం చెప్పలేదండి. బెంగ ఉందని చెప్పింది. ఎవరిమీదో దానికి తెలియదు. చేసే పని నచ్చనివాళ్లకి పని పోతే బెంగ ఉండదు. ఆకలి ఉంటుంది. దాన్ని ఈ పట్టీ కొలవదు. వరహాలుగారనే ఆయనకి ఆరు వారాలకే ఆపేశాం. కాగితం చదివింది నేనే."

"ఈ ఫైలు నువ్వెలా తెరిచావు?" అన్నారు పక్క సభ్యుడు.

"కుళ్లుకుని తెరిచానండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

విచారణ అయ్యాక డాక్టరుగారి గదికి వెళ్లాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు.

"మా అమ్మ రోజూ పన్నెండింటికి నాన్నకి మిల్లుకి క్యారేజీ పట్టుకెళ్లేది" అన్నారు, నా వైపు తిరక్కుండా. "సైరను కూసే వేళకి గేటు దగ్గర ఉండాలని పరిగెత్తేది. మిల్లు మూతపడిన ఏడాదే తను పోయింది." కిటికీ ఊచ పట్టుకుని, "ముప్పై ఏళ్లుగా ఆయన మిల్లు కోసం చూశారనుకున్నాను" అన్నారు.

నేను వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను. ఇద్దరం కిందనున్న రోడ్డునే చూస్తూ ఉండిపోయాం.

* * *

చట్టాన్ని మళ్లీ మార్చారు. ఎవరికైనా ఇరవై ఆరు వారాలు. బెంగ ఉన్నా లేకపోయినా. చేతులు దెబ్బతిన్నవాళ్లకి ఇంకో ఇరవై ఆరు. వరహాలు బాబాయికి రావలసిన వారాలన్నీ వచ్చాయి. కాసులమ్మ పిన్ని ఒకరోజు గిన్నెడు వంకాయ పులుసు తెచ్చిచ్చి, "ఉప్పెక్కువైతే ఏమనుకోకు" అని వెళ్లిపోయింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

మా ఆయనకి అప్పటికే ఇరవై ఆరు దాటిపోయాయి. మర్నాడే ఆగిపోయింది. నా ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు భృతి తీసుకునేది నేను. ఇప్పటి చట్టంలో పట్టీ లేదు కాబట్టి నా అంకె ఎంతో ఎప్పటికీ తెలియదు. ఆ ఒక్కటే నాకు చిన్న వెలితి. ఆయన పడవల్లో పెట్టే ఆ చల్లపెట్టెలకే మరమ్మతు నేర్చుకుంటున్నారు. పెట్టెని తట్టి, చెవి పెట్టి, ఎక్కడ పాడైందో చెబుతున్నారట. నేర్పే ఆయనకి ఇదేం పద్ధతో అర్థం కావట్లేదు గానీ, చెప్పింది మాత్రం తప్పట్లేదట.

అంతా బాగానే ఉంది. ఆ పన్నెండు తప్ప.

నేను పక్కనే కూర్చుని, చేతిలో చెయ్యి వేసి, కాజా పాకం కారుతున్నప్పుడు కూడా తగ్గని పన్నెండు. అది నాది కాదు. లెక్కలు చదువుకున్నదాన్ని, నన్ను నేను మోసం చేసుకోలేను.

మొన్న ఆదివారం పొద్దున్నే, "పదండి, దాన్ని నాకు చూపించండి" అన్నాను. ఆయన నా మొహంలోకి అనుమానంగా చూసి, చెప్పులేసుకున్నారు.

గేటుకి తాళం ఉంది. పక్కగోడ కిటికీలోంచి లోపలికి చూశాం. ఎండిపోయిన తొట్టెలు, బోర్లించిన రేకు డబ్బాల వరసలు. వాటి వెనక, మసకలో, ఆకుపచ్చ రంగు పెచ్చులూడి, ఏనుగులా కూర్చుని ఉంది చిట్టెమ్మ. పెద్ద చక్రం మీద ఎవరో ఎప్పుడో పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా ఉంది. నేననుకున్నంత అందగత్తేం కాదు.

ఆయన కిటికీ ఊచని వేలితో తట్టి, చెవి దగ్గరగా పెట్టారు. లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. అయినా కాసేపు అలాగే విన్నారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మానేశాను. ఆ కాసేపు దానిది.

తిరిగొస్తూ దారిలో చెప్పాను. "ఆ పన్నెండూ దానికే ఉంచండి. నేనేమీ అనను."

"నిజంగానా?"

"నిజంగానే. పదమూడు మాత్రం కానివ్వను."

"కొలవడానికి కంకణం లేదుగా, నీకెలా తెలుస్తుంది?"

నేను ఆగి, ఆయన మోచెయ్యి పట్టుకుని, వేలితో టక్కుమని తట్టి, చెవి వంచి విన్నాను.

"తెలుస్తుంది" అన్నాను.